నీరు తప్పు చేయదు, దారి తప్పుతుంది
(కిటికీ ఏసీ నుండి గదిలోకి కారే నీటిని గురించి గృహ భద్రతా సభలో చేసిన ప్రసంగ పాఠం)



వానాకాలం మొదలైన వారం పది రోజులకే ముంబయి నగరంలోని అనేక ఇళ్ళలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. కిటికీలో అమర్చిన ఏసీ కింద ఒక ప్లాస్టిక్ టబ్బు, దాని చుట్టూ పరచిన పాత తువాళ్ళు, గోడపైన పొడుగాటి తడి చార. టబ్బు నిండగానే ఇంట్లో ఎవరో ఒకరు లేచి, ఆ నీటిని పారబోసి వచ్చి, మళ్ళీ అక్కడే పెడతారు. మరునాడు మళ్ళీ అదే పని. ఇది చిన్న అసౌకర్యంగా కనిపించవచ్చును. కాని దాని వెనుక తడి నేలపై జారిపడిన వృద్ధులున్నారు, తడిసిన ప్లగ్గులున్నాయి, కింది అంతస్తువారితో చెడిన మాటలున్నాయి, ఇల్లు ఖాళీ చేసేనాడు తిరిగి రాని డిపాజిట్లున్నాయి. అందుచేతనే నేటి ప్రసంగానికి ఈ చిన్న విషయం అంశమైనది.

ఒక ఇంటి సంగతి

షోలాపూర్ నుండి ముంబయి చేరిన ఒక తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చును. తాతల కాలంలో తెలంగాణ పల్లెల నుండి మగ్గం పనికై షోలాపూర్ వెళ్ళి, దుప్పట్లూ తువాళ్ళూ నేసి బతికిన కుటుంబం అది. ఆ ఇంటి కొడుక్కి ముంబయిలోని ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఉద్యోగం దొరికింది. వర్లీ ప్రాంతంలో రెండవ అంతస్తున అద్దె ఇల్లు తీసుకున్నారు. రాత్రంతా మేలుకొని పనిచేసేవాడు పగలు నిద్రపోవాలి. ఆ నిద్ర లేకపోతే ఆ ఉద్యోగమే నిలవదు. అందుకని షోలాపూర్ ఇంట్లో ఐదేళ్ళు వాడిన ఏసీని లారీలో వేసుకొని వచ్చి, జూన్ నెలలో ఈ ఇంటి కిటికీలో పెట్టించారు.

షోలాపూర్‌లో మండుటెండల్లో కూడ ఒక్క చుక్క కార్చని యంత్రం, ఇక్కడ రెండవనాటి నుండే గదిలోకి నీరు కార్చసాగింది. లారీ కుదుపులకు లోపల ఏదో విరిగిందని ఇంటివారు అనుకున్నారు. పిలిపించిన మెకానిక్ యంత్రాన్ని విప్పకుండానే గ్యాసు తగ్గిందని చెప్పి, గ్యాసు నింపి, డబ్బు తీసుకొని వెళ్ళాడు. నీరు ఆగలేదు. గోడ వెంట దిగిన నీరు కింది ఇంటి పైకప్పులో గోధుమరంగు మచ్చై తేలింది. కింది ఇంటివారు సొసైటీకి ఫిర్యాదు చేశారు. ఇంటి యజమాని పెయింటు ఖర్చు డిపాజిట్‌లో పట్టుకుంటానన్నాడు. ఇవన్నీ ఇలా ఉండగా ఒకనాటి ఉదయం ఆ ఇంటి ముసలమ్మ తడి నేలపై కాలుజారి, మంచం కోడును పట్టుకొని నిలదొక్కుకున్నది. మణికట్టు వాచింది, అంతటితో తప్పింది.

ఆనాడు ఆమె కొడుకుతో అన్న మాట గుర్తుంచుకోదగినది: “కుండ కారుతుంటే కుండను చూడాలె గాని, కింద గుడ్డలు మార్చుకుంట ఎన్నొద్దులు కూసుంటరు బిడ్డా?”

ఫిర్యాదు చేసిన కింది ఇంటి పెద్దాయన ఒకప్పుడు బట్టల మిల్లులో యంత్రాల పని చేసినవాడు, మరాఠీవాడు. మాట తేల్చుకుందామని పైకి వచ్చిన మనిషి, ముసలమ్మ చేతి కట్టును చూసి మెత్తబడ్డాడు. ఏసీ ముందు అరచేయి పెట్టి చూసి, “వహినీ, గాలి మంచి చల్లగా వస్తోంది. గ్యాసు లేకపోతే ఇంత చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? ఇది గ్యాసు జబ్బు కాదు. నీళ్ళు బయటికి పోయే దారిని చూపించండి,” అన్నాడు.

ఆ రెండు మాటలలోనే ఈ సమస్యకు పరిష్కారమంతా ఉన్నది. మిగిలినది వివరణ మాత్రమే.

యంత్రం నీటిని ఎందుకు పుట్టిస్తుంది

ఏసీ నుండి నీరు రావడం లోపం కాదు. నీటిని తీయడమే దాని పుట్టుకకు కారణం. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి పెద్ద చిక్కు వచ్చింది. గాలిలోని తేమను పీల్చి కాగితం సాగడం, తేమ తగ్గగానే ముడుచుకోవడం వలన ఒక రంగుపై మరొక రంగు సరిగా కుదిరేది కాదు. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు, గాలిని చల్లని గొట్టాలపై నడిపి, అందులోని తేమను నీటిగా మార్చి తీసివేసే ఏర్పాటును ఆ ముద్రణాలయం కోసం రూపొందించాడు. నేటి ఏసీలకు అదే మూలం. మనుషుల సుఖం కోసం కాక, కాగితం పొడిగా ఉండటం కోసం పుట్టిన యంత్రమన్న మాట.

చల్లని మంచినీటి గ్లాసు బయటి అంచున చెమట పట్టడం అందరూ చూసినదే. ఆ నీరు గ్లాసులో నుండి ఊరినది కాదు, గాలిలో నుండి వచ్చినది. ఏసీ లోపలి కాయిల్ పైన జరిగేది సరిగ్గా ఇదే. ఎంత నీరు పడుతుందన్నది ఊరి గాలిని బట్టి ఉంటుంది. వేసవిలో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న పొడి ఊరిలో, గాలి సుమారు 13 డిగ్రీలకు చల్లబడితే తప్ప అందులోని తేమ నీరు కాదు. సముద్రతీరంలో 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్ననాడు 24 డిగ్రీల దగ్గరనే నీరు కట్టడం మొదలవుతుంది. ఏసీ కాయిల్ సాధారణంగా పది డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. కనుక పొడి ఊరిలో ఏదో కొద్దిగా చెమర్చి ఊరుకొనే కాయిల్, తీరంలో ధారగా కారుస్తుంది. ఒకటిన్నర టన్ను ఏసీ తేమ రోజుల్లో గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు రెండు లీటర్ల వరకు నీటిని తీయగలదు. పది గంటలు నడిస్తే ఒక బిందెడు నీరు.

షోలాపూర్, బళ్ళారి వంటి ఊళ్ళ నుండి ముంబయి, చెన్నై వంటి తీర నగరాలకు యంత్రంతో సహా వలస వచ్చినవారికి ఈ తేడా తెలియవలసి ఉన్నది. అక్కడ దాగి ఉన్న లోపం ఇక్కడ బయటపడుతుంది. యంత్రం దారిలో చెడిపోయిందని తొందరపడి నిర్ణయించరాదు.

నీరు నడిచే దారి

కిటికీ ఏసీ ఒకే పెట్టెలో రెండు గదుల వంటిది. గది వైపు ముందు జాలీ, దాని వెనుక ఫిల్టరు, ఆ వెనుక చల్లని కాయిల్ ఉంటాయి. నడుమ ఒక అడ్డుగోడ. అవతల కంప్రెసర్, వేడి కాయిల్, బయటి ఫ్యాను ఉంటాయి. చల్లని కాయిల్ నుండి జారిన నీరు దాని కింది పళ్ళెంలోకి దిగి, అడ్డుగోడ అడుగున ఉన్న సన్నని కాలువ గుండా వెనుక భాగానికి ప్రవహిస్తుంది. అక్కడ చాలా యంత్రాలలో బయటి ఫ్యాను అంచుకు ఉన్న వలయం ఆ నీటిని చిలికి వేడి కాయిల్‌పై చల్లుతుంది. వేడి కాయిల్‌పై పడిన నీరు ఆవిరై, దానిని చల్లబరుస్తుంది. యంత్రానికి పని సులువవుతుంది. వాన రోజుల్లో వెనుక నుండి చిలికినట్లు వినవచ్చే శబ్దం ఇదే. అది రోగం కాదు. ఆవిరి కాగా మిగిలిన నీరు వెనుక రంధ్రం గుండా, లేదా దానికి తగిలించిన పైపు గుండా బయటికి పోతుంది.

ఈ దారి పొడవునా నీటిని నెట్టే మోటారు ఏదీ లేదు. నీటిని నడిపించేది వాలు ఒక్కటే. వాలు తప్పినా, దారి మూసుకున్నా నీరు వెనక్కి తిరిగి ముందు పళ్ళెం అంచు దాటి గదిలోకి దిగుతుంది. పొలంలో బోదె పూడితే నీరు గట్టు తెంచుకొని పక్క మడిలో పడినట్లే ఇది.

లోపాన్ని కనిపెట్టే క్రమం

ముందుగా భద్రత. నీరు కారుతున్న ఏసీని తడి చేతులతో ముట్టరాదు. స్విచ్ బోర్డు పొడిగా ఉంటే స్విచ్ ఆపి, ఆపైన ప్లగ్గు తీయాలి. బోర్డు మీద, ప్లగ్గు మీద నీరు పడి ఉంటే దాని జోలికి పోక, ఇంటి మెయిన్ దగ్గరనే విద్యుత్తును ఆపాలి. చాలా ఇళ్ళలో ఏసీ ప్లగ్గు కిటికీ పక్కనే, సరిగ్గా నీరు దిగే చోటనే ఉంటుంది. పైన చెప్పిన ఇంట్లో తడి చారకూ ప్లగ్గుకూ మధ్య నాలుగు వేళ్ళ దూరమే మిగిలింది. ఏసీకి ఎర్తు తీగ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. లీకేజి వచ్చినప్పుడు విద్యుత్తును తానే తెంచే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

తరువాత, ఖర్చు లేని పరీక్షలను మొదట, ఖర్చుతో కూడిన వాటిని చివర చేయాలి. అదే సరైన క్రమం.

మొదటిది వాలు. పెట్టె అడుగుభాగం గది వైపు కంటె బయటి వైపు కొంచెం దిగి ఉండాలి. చాలా యంత్రాలకు పావు అంగుళం నుండి అర అంగుళం వరకు వాలు సరిపోతుంది. కొన్ని కొత్త నమూనాలలో పళ్ళేనికే వాలు ఉంటుంది గనుక పెట్టెను సమంగా అమర్చవలసి ఉంటుంది. యంత్రంతో వచ్చిన పుస్తకంలోని మాటే ప్రమాణం. తాపీ మేస్త్రీ దగ్గర ఉండే రసమట్టంతో దీనిని చూడవచ్చును. అది లేనివారు మూత బిగించిన సీసాలో సగానికి పైగా నీరు నింపి, పెట్టె పక్క అంచు వెంట అడ్డంగా ఆనించి, లోపలి గాలిబుడగ ఎటు పోతున్నదో చూస్తే చాలు. బుడగ ఎప్పుడూ ఎత్తు వైపుకే పోతుంది. అది గది వైపు నిలిస్తే వాలు బయటికి ఉన్నట్లు. బయటి వైపు నిలిస్తే వాలు గదిలోకి ఉన్నట్లు.

రెండవది ఫిల్టరు. ముందు జాలీ తీసి ఫిల్టరును బయటికి లాగి వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడాలి. వెలుతురు కనపడనంత మసి పట్టి ఉంటే గాలి ఆడదు. గాలి ఆడక కాయిల్ అతిగా చల్లబడి మంచు గడ్డ కడుతుంది. యంత్రం ఆగినప్పుడు ఆ మంచు ఒక్కసారిగా కరిగి, పళ్ళెం పట్టనంత నీరై గదిలో పడుతుంది. ఏసీ నడుస్తున్నంతసేపు కారక, ఆపిన కాసేపటికి కారితే ఈ కారణాన్నే మొదట అనుమానించాలి. ఫిల్టరును మామూలు నీటితో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి తిరిగి పెట్టాలి. వాడకం ఉన్న రోజుల్లో రెండు వారాలకొకసారి ఈ పని చేయాలి. ఫ్యానును అతి తక్కువ వేగంలో ఉంచి, చల్లదనాన్ని అడుగు మట్టానికి దించి రాత్రంతా నడపడం కూడ మంచు కట్టడానికి తోడ్పడుతుంది. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలకు 2020 జనవరి 1 నుండి 24 డిగ్రీలే ప్రారంభ అమరికగా ఉండాలని నియమం వచ్చింది. ఆ అంకె దగ్గర ఉంచడం కరెంటు బిల్లుకూ, కాయిల్‌కూ మేలు.

మూడవది నీటి దారి. విద్యుత్తు పూర్తిగా ఆపి, ఫిల్టరు తీసిన తరువాత కాయిల్ కింది పళ్ళెంలోకి ఒక చిన్న గ్లాసుడు నీటిని మెల్లగా పోయాలి. కాసేపటికి నీటి మట్టం తగ్గి వెనక్కి పోతే దారి తెరచి ఉన్నట్లు. కదలక నిలిస్తే మూసుకున్నట్లు. అలా నిలిచినప్పుడు మరికొంత పోసి చూడరాదు. ధూళి, పాచి, పావురాల ఈకలు, కందిరీగలు పెట్టిన మట్టి గూళ్ళు ఈ దారిని మూసివేస్తుంటాయి. ముంబయిలో పావురాలు ఏసీ వెనుక గూళ్ళు కట్టడం అందరికీ అనుభవమే. వెనుక పైపు ఉంటే అది మెలిపడిందేమో, పైకి వంగిందేమో కూడ చూడాలి. పైపు ఒక్క చోట పైకి లేచినా నీరు అక్కడితో ఆగిపోతుంది.

నాలుగవది సందులు. కొన్ని ఇళ్ళలో నీరు పళ్ళెం నుండి కాక, ముందు జాలీ నుండి చుక్కలుగా రాలుతుంది. పెట్టె పక్కలు చెమర్చి ఉంటాయి. కిటికీ చట్రానికీ పెట్టెకూ మధ్య సందు ఉంటే బయటి తేమగాలి లోపలికి చొరబడి, చల్లని లోహాన్ని తాకి నీరవుతుంది. ఇందుకు యంత్రంలో విప్పవలసినది ఏమీ లేదు. సందులలో ఫోము పట్టీలు కూరి, పక్క తలుపులు మూసి ఉంచితే సరిపోతుంది.

ఐదవది వాన. ఏసీ ఆపి ఉన్ననాడు కూడ గాలివానలో మాత్రమే నీరు దిగుతుంటే అది యంత్రపు నీరు కాదు, వాననీరు. పెట్టెపైన చిన్న పందిరి రేకు, చట్రం చుట్టూ సరైన పూత ఉన్నవో లేవో చూడవలసి ఉంటుంది. ఈ రెండు నీళ్ళ తేడా తెలియక మెకానిక్‌కు డబ్బు పోసినవారు తక్కువేమీ కాదు.

గ్యాసు మాట

ఇక గ్యాసు సంగతి. ఏసీలోని గ్యాసు బండిలోని పెట్రోలు వలె వాడుకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో అదే గ్యాసు సంవత్సరాల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్లే. చిల్లును కనిపెట్టి మూయకుండా గ్యాసు నింపడం అడుగు లేని కడవలో నీరు పోయడం వంటిది. కొన్ని నెలలకు మళ్ళీ అదే ఖర్చు. గ్యాసు తగ్గినప్పుడు చల్లదనం స్పష్టంగా తగ్గుతుంది, ఫిల్టరు శుభ్రంగా ఉన్నా కాయిల్‌లో కొంత భాగమే మంచు కడుతుంది. చల్లదనం బాగుండి, నీరు మాత్రమే కారుతుంటే గ్యాసు నింపించడానికి కారణం కనిపించదు. మెకానిక్ గ్యాసు మాట ఎత్తినప్పుడు ఇంటివారు మర్యాదగా అడగవలసిన ప్రశ్నలు రెండే: “చిల్లు ఎక్కడ ఉన్నది? దానిని మూసి, పరీక్షించి చూపిస్తారా?” పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

చేయదగినవి, చేయరానివి

ఫిల్టరు కడగడం, వాలు పరీక్షించడం, సందులు మూయడం, గ్లాసుడు నీటితో దారిని చూడడం ఇంటివారు చేసుకోదగిన పనులు. యంత్రాన్ని పెట్టె నుండి బయటికి లాగడం మాత్రం ఇద్దరు పనివారు చేయవలసినది. ఒకటిన్నర టన్ను కిటికీ ఏసీ యాభై కిలోల వరకు, కొన్ని అంతకంటె ఎక్కువ కూడ తూగుతాయి. ఒంటరిగా లాగితే నడుముకు ముప్పు. పట్టు తప్పి బయటికి జారితే కింద నడిచేవారి ప్రాణానికే ముప్పు. వెనుక పైపును సరిచేయాలని కిటికీ గట్టుపై నిలబడి బయటికి వంగడం ఎంతమాత్రం తగదు. పై అంతస్తులలో ఆ పని బెల్టు కట్టుకొనే పనివారిదే.

మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది. నీరు పోవడం లేదని పళ్ళెం అడుగున మేకుతోనో డ్రిల్లుతోనో చిల్లు పొడుస్తారు. పళ్ళెం దగ్గరనే గ్యాసు గొట్టాలు ఉంటాయి. ఒక్క పోటుతో యంత్రమే చెడిపోవచ్చును. చిల్లు అంచున తుప్పు పట్టి క్రమంగా పెద్దదవుతుంది. పైగా వేడి కాయిల్‌ను చల్లబరచవలసిన నీరు వృథాగా కింద పోతుంది. అలాగే ఘాటైన బ్లీచింగు ద్రవాలు కాయిల్‌పై పోయరాదు. సన్నని అల్యూమినియం రేకులను అవి తినివేస్తాయి. పళ్ళెం కడగడానికి మామూలు నీరు, కొద్దిపాటి సబ్బునీరు చాలును.

బయటికి పోయిన నీరు ఎవరిది

గదిలోని నీరు బయటికి వెళ్ళగానే ఇంటివారి బాధ్యత తీరిందనుకోరాదు. ఆ నీరు కింది ఇంటి కిటికీపైన, ఆరవేసిన బట్టలపైన, కాలిబాటపైన ధారగా పడితే అది పొరుగువారి సమస్య అవుతుంది. పాచి పట్టిన కాలిబాటపై జారిపడేది ఎవరి తల్లో, ఎవరి బిడ్డో. కనుక వెనుక రంధ్రానికి పైపు తగిలించి, భవనపు నీటి గొట్టంలోకో, గచ్చు కాలువలోకో చేర్చాలి.

పైపు లేక బకెట్టు పెట్టేవారు మరొక సంగతి గమనించాలి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి కాలువలలో కంటె ఇళ్ళ చుట్టూ నిలిచిన తేట నీటిలో ఎక్కువగా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి ఎగిరే దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. అందుకనే ఏసీ బకెట్లను, పళ్ళేలను వారానికొకసారి తప్పక ఖాళీ చేసి, లోపలి అంచును గరుకు గుడ్డతో రుద్ది, ఆరబెట్టాలి. నగరపాలక సిబ్బంది తనిఖీకి వచ్చినప్పుడు పూలకుండీల పళ్ళేలతో పాటు ఏసీ నీటిని కూడ చూడడానికి కారణం ఇదే. వారిని గుమ్మంలోనే పంపివేయక లోపలికి రానిచ్చి చూపించడం పౌర ధర్మం.

పట్టిన నీటిని నేల తుడవడానికి, మరుగుదొడ్డిలో పోయడానికి వాడుకోవచ్చును. త్రాగడానికి గాని, వంటకు గాని అది పనికిరాదు. కాయిల్‌పైని ధూళి, లోహపు నుసి అందులో కలిసి ఉంటాయి. తేటగా ఉన్నదని ఇన్వర్టరు బ్యాటరీలో పోసేవారు కూడ ఉన్నారు, అదీ తగదు.

అద్దె ఇంటివారికి ఒక మాట. ఏసీ పెట్టే ముందు యజమానికి లిఖితంగా తెలిపి సమ్మతి తీసుకోవాలి. యంత్రం పెట్టిననాడు గోడను, చట్రాన్ని తేదీతో సహా ఫోటోలు తీసి ఉంచుకోవాలి. నీరు కారినప్పుడు దాచక, వెంటనే యజమానికీ, కింది ఇంటివారికీ చెప్పాలి. మొదటి రోజున చెప్పినది కబురు. నెల తరువాత బయటపడినది తగవు.

ఆ ఇంట్లో చివరికి తేలినది

షోలాపూర్ కుటుంబం కింది ఇంటి పెద్దాయన మాట విని ఫిల్టరు తీసి చూసింది. దాని వెనుక కాయిల్ రేకుల నడుమ బూడిదరంగు పొర నేసినట్లు పట్టి ఉన్నది. పళ్ళెంలో పోసిన గ్లాసుడు నీరు కదలలేదు. మరొక మెకానిక్, అతని సహాయకుడు కలిసి యంత్రాన్ని బయటికి లాగి, అడ్డుగోడ కింది కాలువలో నుండి పిడికెడు తడి ముద్దను తీశారు. అది మట్టి కాదు, నూలు పీచు. షోలాపూర్‌లో ఇంటి పక్కనే పవర్‌లూమ్ షెడ్డు ఉండేది. ఐదేళ్ళ పాటు గాలిలో ఎగిరిన దూది నుసి అంతా ఆ కాలువలో చేరి గట్టిపడింది. అక్కడి పొడి వేసవిలో నీరు తక్కువ గనుక పళ్ళెంలోనే ఆరిపోయేది. వానలు పడగానే ఏసీని ఆపివేసేవారు. లోపం అక్కడిదే, బయటపడినది ఇక్కడ.

పైగా ఇక్కడి వడ్రంగి పెట్టెను గదిలోకి వాలేటట్లు బిగించాడు. లోపలి అంచు కింద ఒక చెక్క చీల పెట్టి, వెనుక భాగం అర అంగుళం దిగేటట్లు సరిచేశారు. వెనుక రంధ్రానికి రెండు గజాల పైపు తగిలించి భవనపు నీటి గొట్టంలోకి దింపారు. ప్లగ్గును కిటికీ కింది నుండి తీయించి, గోడకు మరొక వైపున పెట్టించారు. ఇదంతా ఒక పూటలో ముగిసింది. మొదట గ్యాసుకు పోసిన డబ్బులో సగం కూడ ఖర్చు కాలేదు.

ముసలమ్మ ఆ పీచు ముద్దను పారవేయనీయలేదు. చేతిలోకి తీసుకొని విడదీసి చూసి, “ఇది మన మగ్గాల నూలే,” అన్నది. ఎన్నేళ్ళుగానో ఆ నుసిలోనే శ్వాస పీల్చిన మనిషి ఆమె. యంత్రంలో ఇంత చేరితే మనుషుల ఊపిరిలో ఎంత చేరిందోనని కోడలు అన్నప్పుడు ఎవరూ బదులు చెప్పలేదు. ఆ వారంలోనే కొడుకు తల్లిని తాను పనిచేసే ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఛాతీ పరీక్ష చేయించాడు. మగ్గాల షెడ్లలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఎడతెగని దగ్గుతో ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే ఈ పరీక్షను ఆలస్యం చేయరాదని ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. యంత్రానికైనా, మనిషికైనా శ్వాస మార్గం శుభ్రంగా ఉండాలి.

కింది ఇంటి పైకప్పు మచ్చ వానలు వెనుకబట్టిన తరువాత, గోడ పూర్తిగా ఆరినాకనే పెయింటుతో పోయింది. తడి గోడపై వేసిన పెయింటు నిలవదని ఆ పెద్దాయనే చెప్పి, అంతవరకు ఆగాడు. ఆ ఖర్చును రెండు ఇళ్ళవారూ సగం సగం పంచుకున్నారు. డిపాజిట్ మాట యజమాని మళ్ళీ ఎత్తలేదు.

ఈ ప్రసంగ సారాంశం ఇంతే. ఏసీ నీటిని తీయడం సహజం. ఆ నీరు గదిలోకి రావడమే లోపం. మొదట విద్యుత్తు ఆపాలి. వాలు, ఫిల్టరు, నీటి దారి, సందులు, వాన అనే ఐదింటినీ వరుసగా చూసిన తరువాతనే గ్యాసు మాట వినాలి. గది నుండి వెళ్ళిన నీరు మరొకరి తలపై పడకుండా చూడాలి. నేడు ఇంటికి వెళ్ళినవారు టబ్బును ఖాళీ చేసి ఊరుకోక, ఒక సీసాలో నీరు నింపి ఏసీ పెట్టె వాలును ఒక్కసారి చూసుకొంటే ఈ సభ ప్రయోజనం నెరవేరినట్లే.

స్వస్తి.